రెండో కార్డు

నిజ్వా,
ఫిబ్రవరి 4, ఆదివారం

రాయా పిన్నికి జువైనా సలాములు.

ఈరోజు మొదటి వింత సూర్యుడితో పాటే వచ్చింది. పెరట్లో ఖర్జూరం మట్ట మీద పాలపిట్ట వాలితే ఫోటో తీద్దామని నీ కెమెరా ఎత్తి మీట నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. లేదు. పిట్ట ఎగిరిపోయి, నేను కెమెరా దించి గట్టు మీద పెట్టాక, దానంతట అదే టకటకా రెండుసార్లు కొట్టుకుంది. నిద్రలో మాట్లాడే మనిషిలా. (ఈ ఉపమానం నాదే, ఎక్కడా చదివింది కాదు.)

కాలేజీ అయ్యాక తిన్నగా బజారులో యాఖూబ్ దుకాణానికి పట్టుకెళ్ళాను. నీకు తెలిసినవాడే, కెమెరాలు బాగుచేస్తాడు, పాతవి కొని అమ్ముతాడు. తీగ తగిలించి కంప్యూటరులో ఏదో చూసి తల ఊపాడు.

"చెల్లీ, ఇది లక్షా నలభై రెండు వేల సార్లు కొట్టింది. మనిషైతే ఈపాటికి పింఛను పుచ్చుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు."

"బాగుచెయ్యలేవా?"

"మస్కట్ పంపాలి. షట్టరు మార్చి తెచ్చేసరికి నెల. అది మార్చినా లోపల మిగతావన్నీ ముసలివే కదా."

అప్పుడు బల్ల కింద నుంచి ఇంకో కెమెరా తీశాడు. ఒకరు ఏడాది వాడి అమ్మేసిందట. మన లెన్సులన్నీ దానికి సరిపోతాయి, మారేది ఒళ్ళు ఒక్కటే. మసక వెలుతురులో బాగా చూస్తుంది. పక్కన తలుపు తీస్తే కార్డులు పెట్టడానికి ఒకటి కాదు, రెండు చోట్లున్నాయి. నీ కెమెరా ఇచ్చేసి పైన కొంత కలిపితే అది నాదవుతుంది. నేను సరే అనబోతుండగా, "అయినా ఇంకో నాలుగేళ్ళలో ఇలా లోపల అద్దం ఉన్న కెమెరాలే ఉండవంటున్నారు" అన్నాడు. మరి కొనమంటున్నావా వద్దంటున్నావా అంటే, "కొను కొను" అని నవ్వాడు. అమ్మేవాడే ఇలా మాట్లాడితే నేనేం చెయ్యాలి?

అమ్మనడిగితే, "ఉన్నది పనిచేస్తుంటే కొత్తదెందుకు? పనిచెయ్యకపోతే పెళ్ళిళ్ళకి ఒప్పుకోవడమెందుకు?" అంది. రెండు ప్రశ్నలూ సబబుగానే ఉన్నాయి, కలిపితే జవాబు మాత్రం రావడం లేదు.

మార్చి 8న ఉమ్ మాజిన్ కూతురు శంసా పెళ్ళి. ఆడవాళ్ళ విందు ఫోటోలు నావే. ఉమ్ మాజిన్ మెచ్చితే మన పేట పెళ్ళిళ్ళన్నీ నాకే వస్తాయి, ఆ డబ్బుతోనే నా చదువు సాగుతోందని నీకు తెలుసు. ఆ పెళ్ళికి కొత్తది వాడి చూడమని యాఖూబ్ అరువిస్తానన్నాడు. కానీ కెమెరా నీది. నువ్వు చెప్పు. నీ ఊళ్ళో ఫోను నీళ్ళ ట్యాంకు ఎక్కితే గాని మోగదు కాబట్టి సుహైల్ మామ బండిలో ఈ ఉత్తరం పంపుతున్నాను. నిజానికి ట్యాంకు లేకపోయినా ఉత్తరమే రాసేదాన్ని. రాస్తుంటే నేనేమనుకుంటున్నానో నాకు తెలుస్తోంది. ఈసారి మాత్రం తెలియలేదు.

నీ జువైనా


జబల్ షమ్స్, బడి ఇల్లు,
ఫిబ్రవరి 5

జువైనా,

సుహైల్ సోమవారం పైకి వస్తాడు, మంగళవారం తెల్లవారగానే దిగిపోతాడు. ఆ మధ్యలోనే నా ఆలోచనంతా జరగాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆరో తరగతి పిల్లలు ముగ్గురు మేకల వెంట వెళ్ళి బడికి రాలేదు, మిగిలిన నలుగురికి భిన్నాలు చెప్పాను.

కెమెరా నీకిచ్చాను, ఇక అది నీదే. మార్చుకుంటావో, ఉంచుకుంటావో నీ ఇష్టం. నా కళ్ళు బాగాలేక వదిలేసిన పని గురించి నన్నడగడం ఏమిటి? దాని మీద నాకు మమకారం లేదు. ఇనుమూ రబ్బరూ, అంతే.

వెనక కుడివైపు రబ్బరు ఊడిపోయిందా? అది నా బొటనవేలి పని. అతికించకు.

ఉత్తరంలో ఉపమానాలు తగ్గించు. ఒకటి బాగుంది కానీ అది నీదేనని నువ్వు చెప్పుకోనక్కర్లేదు.

రాయా

తా.క. నీ ఇష్టం అన్నాను కానీ, ఇచ్చెయ్యకు. కారణం అడగకు.


నిజ్వా,
మార్చి 9, శుక్రవారం

పిన్నీ,

కారణం అడగొద్దన్నావు, అడగలేదు. నెలరోజులు అడక్కుండా ఉన్నాను. "నీ ఇష్టం", "ఇచ్చెయ్యకు" రెండూ ఒకే కాగితం మీద ఎలా ఉంటాయో మాత్రం రోజూ ఆ కాగితం తీసి చూసుకున్నాను.

నిన్న శంసా పెళ్ళికి యాఖూబ్ కెమెరాయే వాడాను. చెప్పకుండా ఉండలేను, అది వేరే లోకం. హాలులో ఊదారంగు దీపాలు పెట్టారు. మన కెమెరాలో అయితే ముఖాలన్నీ రవ్వ చల్లినట్టు పడేవి. ఇందులో శంసా చేతి గోరింటాకు గీత గీతగా విడిపడింది. శంసా మేనత్తలు నలుగురూ జుట్టు విరబోసుకుని తలలు తిప్పుతూ ఆడుతుంటే ఫోటోలో ఒక్క వెంట్రుక కూడా మసకబారలేదు. పట్టుకుంటే మాత్రం చెయ్యి అలవాటు పడలేదు. ఎక్కడో పొరుగింటి పిల్లని ఎత్తుకున్నట్టు. (ఇది ఆఖరి ఉపమానం.)

అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. గుమ్మం దగ్గర ఉమ్ మాజిన్ ఆడపడుచు బుట్ట పట్టుకుని నిలబడి మగవాళ్ళ కంట పడే ఫోటో ఒక్కటీ బయటికి పోకుండా అందరి ఫోనులూ అందులో వేయించింది. ఒకావిడ తన ఫోనులో కెమెరా పగిలిపోయిందని వాదిస్తే, "అయితే బుట్టలో పడ్డా దానికి నొప్పి తెలీదులే" అంది. లోపల చిత్రం తీసే కన్ను నాదొక్కటే. ఆఖర్న అతిథులందరూ వెళ్ళాక ఉమ్ మాజిన్ చెప్పులు విప్పేసి, కాళ్ళు ఎదుటి కుర్చీ మీద చాపి, తల మీది గుడ్డ భుజాల మీదికి జారిపోయినా పట్టించుకోకుండా, దేనికో తనలో తనే నవ్వుకుంటోంది. అది తీశాను. అదే చివరి ఫోటో. తర్వాత ఇంటి ఆడవాళ్ళందరి ఎదుటా కెమెరా తలుపు తీసి, కార్డు ఊడదీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. "ఇంతేనా?" అంది. "ఇంతే" అన్నాను. ఆవిడ దాన్ని ఓణీ కొసన ముడివేసుకుంది. ఆల్బం చేసేటప్పుడు ఆ ముడితోనే మా ఇంటికి వచ్చి పక్కన కూర్చుంటుంది, అయ్యాక మళ్ళీ ముడివేసుకుని వెళ్తుంది.

రెండో చోట యాఖూబ్ పెట్టిన కార్డు ఉందిలే. మొదటిది నిండితేనే అందులోకి వెళ్తుందట. నాది సగం కూడా నిండలేదు.

రేపు కెమెరా తిరిగి ఇచ్చేస్తాను. నెలాఖరు దాకా నాకోసం ఉంచుతానన్నాడు. బహ్లా నుంచి ఇంకొకాయన కూడా అడుగుతున్నాడట. నాకది కావాలి పిన్నీ. నువ్వు వద్దన్నావు. నాకది కావాలి.

జువైనా


జబల్ షమ్స్,
మార్చి 12

జువైనా,

మిగతా కబుర్లు తర్వాత. రెండో కార్డు ఖాళీగా ఉందని నువ్వు కళ్ళతో చూశావా, అతను చెబితే నమ్మావా? రెండు చోట్లున్న కెమెరాలో రెండో దానికి ఏ పని అప్పగించాలన్నది మనం పెట్టేదాన్ని బట్టి ఉంటుంది. నిండాక వాడమని పెట్టొచ్చు. ప్రతి ఫోటోకీ నకలు దాచమని కూడా పెట్టొచ్చు. ఇంతకుముందు వాడినాయన ఎలా పెట్టుకున్నాడో యాఖూబ్ చూశాడా?

నేను ట్యాంకు ఎక్కి మూడుసార్లు ఫోను చేశాను. నువ్వు ఎత్తలేదు. కాలేజీలో ఉండి ఉంటావు.

వెంటనే వెళ్ళి చూడు.

రాయా


నిజ్వా,
మార్చి 14, బుధవారం

పిన్నీ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. యాఖూబ్ ఫోను నిన్న పొద్దున్నే వచ్చింది. నువ్వు చెప్పిందే జరిగింది. ఆ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను.

"చెల్లీ, నువ్వు కూర్చుని ఉన్నావా?" అన్నాడు యాఖూబ్.

"తరగతికి వెళ్తున్నాను."

"అయితే ఒక్క నిమిషం గోడకి ఆనుకో. మా కార్డులో నీ పెళ్ళి ఉంది."

కెమెరా ఎన్నిసార్లు కొట్టిందో చూద్దామని తెరిచాడట. ఫోటోలు చూసే మీట వేలికి తగిలితే చిట్టచివరిది తెర మీదికి వచ్చిందట. వెంటనే ఆపేశానని ఒట్టు పెట్టాడు. ఏం చూశావని నేనడగలేదు, అతను చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. చివరిది ఏదో నాకు తెలుసు.

కార్డు అతను తేలేదు. కవరులో పెట్టి వాళ్ళమ్మ చేత పంపాడు. ఉమ్ యాఖూబ్ వచ్చి అమ్మ పోసిన కాఫీ మూడు గిన్నెలు తాగి, కవరు నా ఒళ్ళో పెట్టింది.

"వాడు ఒక్కటే చూశాడు, పిల్లా. వాడి మాట నిజం. నేను మాత్రం అన్నీ చూశాను."

"అన్నీనా?"

"ఆడదాన్నే కదా, నాకేం అడ్డు? అయినా చూడకపోతే ఎంత పెద్ద గొడవో ఎలా తెలుస్తుంది? పెళ్ళికూతురి మేనత్త మెడలో ఆ హారం సొంతమా, తెచ్చుకున్నదా?"

ఆవిడ నా మోకాలు తట్టి, "ఎవరికీ చెప్పనులే" అంది. ఆవిడ ఎవరికీ చెప్పని సంగతులు నిజ్వాలో అందరికీ తెలుసని నీకూ తెలుసు.

ఇప్పుడు ఆ కార్డు నా నిఘంటువులో, కవరుతో సహా ఉంది. నాకేమీ అర్థం కావడం లేదు. ఇది ఎవరి తప్పు? నిండితేనే అని చెప్పిన యాఖూబ్‌దా, నకలు దాచమని పెట్టి వదిలేసిన పాత యజమానిదా, "ఇంతే" అన్న నాదా? ఆ మాట అన్నప్పుడు అది నిజమనే అనుకున్నాను. మరి అది అబద్ధం ఎలా అయింది? తుడిచేస్తే అయిపోతుంది, ఒక్క నిమిషం పని. తుడిచేశాక ఉమ్ మాజిన్ ఎదురుపడితే? తీసుకెళ్ళి ఇచ్చేస్తే? ఆవిడ ఒక్కసారి తల అడ్డంగా ఊపితే ఇక ఏ ఇంటి గుమ్మమూ నన్ను కెమెరాతో లోపలికి రానివ్వదు. చెప్పినా, ఎంతవరకు చెప్పాలి? ఒక మగవాడు ఒకటి చూశాడని చెప్పాలా? ఆ ఒక్కటీ ఆవిడదేనని కూడా చెప్పాలా?

పాత కెమెరా ఇచ్చెయ్యొద్దని నువ్వు మొదటే అన్నావు. ఇదే జరుగుతుందని నీకెలా తెలుసు? ఇప్పుడైనా కారణం అడగనివ్వు.

జువైనా


జబల్ షమ్స్,
మార్చి 19

జువైనా తల్లీ,

ఇదే జరుగుతుందని నాకు తెలియదు. నేను ఇచ్చెయ్యొద్దన్నది నీ గురించి ఆలోచించి కాదు. అది అమ్మకానికి పోతే ఎవరి చేతిలో పడుతుందోనన్న భయం. ఇన్నేళ్ళ తర్వాత దానిలో ఏ ఆనవాలూ ఉండదని తెలుసు. తెలిసీ భయమే.

నా కళ్ళకి ఏమీ కాలేదు. ఇవాళ కూడా ఎదుటి కొండ మీద మేకలని లెక్కపెట్టగలను.

ఏడేళ్ళ కిందట అల్ హమ్రాలో ఒక పెళ్ళి. పెళ్ళికూతురి అమ్మమ్మ, పేరు మూజా. డెబ్భై ఏళ్ళు దాటాయి. తెల్లజుట్టుకి గోరింటాకు పెట్టి పెట్టి దానిమ్మ తొక్క రంగుకి వచ్చింది. మనవరాళ్ళు బలవంతంగా లేపి ఆడించారు. తల మీది గుడ్డ జారిపోయింది. ఆవిడ నోరంతా తెరిచి నవ్వింది. పళ్ళు నాలుగో అయిదో. నా జీవితంలో అంత మంచి ఫోటో ముందూ తీయలేదు, తర్వాతా తీయలేదు. కార్డు ఇచ్చే ముందు, ఫోటోలు సరిగ్గా పడ్డాయో లేదో చూస్తానని పక్కగదిలోకి వెళ్ళి లాప్‌టాప్‌లో పెట్టాను. ఆ ఒక్కటీ దించుకున్నాను. తర్వాత అందరి ఎదుటా కార్డు ఊడదీసి ఇచ్చాను. ఇంతేనా అన్నారు. ఇంతే అన్నాను.

నువ్వు తెలియక అన్న మాట నేను తెలిసి అన్నాను.

మర్నాడు మూజా తన జుట్టు కనిపించేవన్నీ తుడిపించేసిందట. దగ్గర కూర్చుని, ఒక్కొక్కటీ. అది తర్వాత తెలిసింది. మూడేళ్ళకి ఆవిడ పోయింది. పరామర్శకి వెళ్తే ఆవిడ పెద్దకూతురు ఎవరితోనో అంటోంది, "అమ్మ నవ్వితే ఎలా ఉండేదో పిల్లలకి చూపిద్దామంటే ఒక్కటీ లేదు" అని. నేను కాఫీ గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఆ కాఫీ గొంతు దిగలేదు. ఆ నెలలోనే కెమెరా నీకిచ్చి ఈ కొండ మీది బడికి మార్పించుకున్నాను.

ఫోటో ఒకటి అచ్చు వేయించి నా పెట్టెలో పెట్టాను. ఆవిడ వద్దనుకున్నది నా దగ్గరుంది. ఆవిడ కూతుళ్ళు కావాలనుకుంటున్నదీ అదే. ఇస్తే పోయినావిడ మాట మీరినట్టు. చింపితే, చింపలేకపోయాను. దొంగతనమో, కానుకో ఇన్నేళ్ళూ తేల్చుకోలేకపోయాను. అందుకని నువ్వేం చెయ్యాలో చెప్పే అర్హత నాకు లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ కార్డు ఎన్నాళ్ళు నీ నిఘంటువులో ఉంటే అంత బరువెక్కుతుంది.

ఈ ఉత్తరం చదివాక నన్ను పిన్నీ అని రాస్తావో లేదో చూస్తాను.

రాయా


నిజ్వా,
మార్చి 26, సోమవారం

పిన్నీ, పిన్నీ, పిన్నీ,

మూడుసార్లు రాశాను. చాలా?

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా ఉన్నాను. నీ మీదా, ఎవరి మీదా అని అడగకు. గురువారం కాలేజీ ఎగ్గొట్టి, కవరు పట్టుకుని ఉమ్ మాజిన్ ఇంటికి వెళ్ళాను. దారిలో ఏమేం చెప్పాలో చక్కటి వాక్యాలు కూర్చుకున్నాను. గుమ్మంలో చెప్పులు విప్పేసరికి ఒక్కటీ మిగల్లేదు. కవరు ఆవిడ ముందు పెట్టి, "శంసా పెళ్ళి ఫోటోలకి ఇంకో నకలు ఉంది, అది నాకు తెలియదు, అది దుకాణంలో మూడు రోజులు ఉంది" అన్నాను.

ఆవిడ ఖర్జూరాల్లోంచి గింజలు తీస్తోంది. తీస్తూనే ఉంది.

"యాఖూబ్ తల్లి శనివారమే వచ్చి చెప్పి పోయింది" అంది. "నువ్వెప్పుడు వస్తావా అని చూస్తున్నాను. అయిదు రోజులు పట్టింది."

"మీకు తెలుసా?"

"తెలుసు. నువ్వు చెబుతావో లేదో తెలియదు. ఆ అబ్బాయి ఒకటి చూశాడట కదా. ఎవరిది?"

తెలియదు అనొచ్చు. ఉమ్ యాఖూబ్ ఆ సంగతి చెప్పలేదని ఆవిడ అడిగిన తీరులోనే తెలుస్తోంది. ఆ ఒక్క మాట దాచితే ఆవిడకి బాధ తప్పుతుంది, నాకు పని మిగులుతుంది. అది ఆవిడ మేలుకో, నా మేలుకో అప్పుడు నాకు నిజంగా తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

"మీది" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుని కార్డు తీసింది. "చూపించు" అంది. మన కెమెరా తీసుకెళ్ళాను, అందులో పెట్టి చూపించాను. కాళ్ళు చాపుకుని నవ్వుతున్న తనని చాలాసేపు చూసుకుంది.

"ఆ రోజు ఇంత అలిసిపోయానా" అంది. తర్వాత, "నువ్వు తియ్యొచ్చా అని అడగను కూడా లేదు" అంది. అదే నాకు గట్టిగా తగిలింది. యాఖూబ్ చూడడం కంటే కూడా. తీసిన క్షణంలో ఎంత బాగుందోనని మురిసిపోయాను గానీ, ఆవిడని అడగాలని తోచలేదు.

అది తుడిచెయ్యమంది. ఆవిడ చూస్తుండగా తుడిచేశాను. ఓణీ కొసన ముడిలో ఉన్న కార్డు తీసి అందులోదీ తుడిపించింది. రెండు కార్డులూ కలిపి ముడివేసుకుంది. యాఖూబ్‌కి కార్డు ఖరీదు నేనిచ్చుకుంటానన్నాను.

"సలీమా వాళ్ళూ, జోఖా వాళ్ళూ తమ ఇళ్ళ పెళ్ళిళ్ళకి నిన్ను వద్దనుకున్నారు" అంది. "యాఖూబ్ తల్లి వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళింది మరి. నేను వాళ్ళకి చెప్పేదేమీ లేదు. వచ్చే గురువారం మా చెల్లెలి కూతురి పెళ్ళి. అది నేను చూసుకునే పెళ్ళి కాబట్టి అడుగుతున్నాను. ఏ కెమెరా తెస్తావు?"

"తెలియదు" అన్నాను.

"తెలియకపోతే ఎలా? మీ మిషన్ల సంగతి మాకేం తెలుస్తుంది? ఏది తెచ్చినా సరే. పెళ్ళి మొదలవకముందు దాని తలుపు తీసి మాకు చూపించు. ఎన్ని చోట్లుంటే అన్నీ చూపించు. అయిపోయాక మళ్ళీ చూపించు. అప్పుడు అడుగుతాను, ఇంతేనా అని."

క్షమించిందా? అలా అనలేదు. కాఫీ పోసింది. నేను తాగాను, దిగింది.

అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఒకే చోటు ఉన్న కెమెరాతోనే నువ్వు దాచుకున్నావు. రెండు చోట్లున్న దానితో నేను దాచుకోకుండానే దాచుకున్నదాన్నయ్యాను. అంటే తప్పు కెమెరా ఒంట్లో లేదు, ఆ ఒంటికి ఎన్ని చోట్లున్నా. అయితే ఏది కొనాలన్న దానికి ఇది జవాబు కాదు. జవాబు వేరే చోట దొరికింది. నిన్న మన కెమెరా పదిసార్లు నొక్కితే నాలుగుసార్లే పలికింది. మస్కట్ పంపితే నెల. పెళ్ళి గురువారం. ఉన్నది ఆ ఒక్క ఇల్లు. అక్కడ షట్టరు పలక్కపోతే ఉమ్ మాజిన్ ముందు నేనేం తలుపు తీసి చూపిస్తాను? కొత్తదే తీసుకుంటాను. పైన కలపడానికి నా దగ్గర మిగిలిన డబ్బు సరిపోతుంది, వచ్చే టర్ము పుస్తకాలు గ్రంథాలయంలో కూర్చుని చదువుకుంటాను.

కానీ నీ కెమెరా నేను ఇవ్వను. నువ్వు ఇవ్వాలి, నీ చేత్తో. భయపడి కొండ మీద కూర్చుంటే కాదు. యాఖూబ్ నీ ఎదుటే దాని లోపలంతా తుడుస్తాడు.

దానికి ముందు మూజా ఫోటో. అది దొంగతనమో కానుకో నీకు తేలదు, నాకూ తేలదు. మనకి తేలాల్సిన పని కూడా లేదేమో. ఆవిడ వాళ్ళ అమ్మ. వాళ్ళ చేతిలో పెట్టి, అమ్మ వద్దన్న ఫోటో ఇదని కూడా చెప్పు. దాచుకుంటారో, చింపుతారో, నిన్ను బయటికి పొమ్మంటారో. నేను నీ పక్కన ఉంటాను. మాట్లాడను. మాట్లాడబోతే గిల్లు.

సుహైల్ మామతో చెప్పాను. రేపు పొద్దున్న బండి దిగేటప్పుడు వాళ్ళావిడ మధ్యలో కూర్చుంటుంది, కిటికీ పక్క చోటు నీది. బడికి సెలవు చీటీ ఇవాళే రాసి పెట్టు. ఆరింటికల్లా నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడు, ఫోటో ఒంటి మీదే ఉంచుకో, సంచిలో వద్దు. అల్ హమ్రా మలుపులో, పెట్రోలు బంకుకి ఇవతల, నాన్న నన్ను ఏడున్నరకి దింపుతాడు. ముందు మూజా వాళ్ళ ఇల్లు. యాఖూబ్ పదింటికి గాని దుకాణం తెరవడు.

జువైనా